ఆగని కారులో పట్టుచీరల బేరం

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే గంగాధరప్ప పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో ఒక పాత కారు కొన్నాడు. అది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటిది. తలుపులు నాలుగున్నా తెరుచుకునేవి రెండే. హారను నొక్కితే మేక దగ్గినట్టుండేది. అయినా ఆయనకు ఆ కారంటే ప్రాణం. ఎక్కడికీ పోయే పని లేకపోయినా సాయంత్రం పూట ఇస్త్రీ పంచె కట్టుకుని అందులో కూర్చుని, వీధిలో పోయేవాళ్ళను పేరుపేరునా పలకరించేవాడు.

కారు నడిపేవాడు కుళ్ళాయప్ప. అంతకు ముందు జట్కా తోలేవాడు. బ్రేకు తొక్కినప్పుడల్లా అలవాటు కొద్దీ "హో... హో..." అనేవాడు. కారుకు ఏ జబ్బు వచ్చినా యజమానికి చెప్పేవాడు కాదు. చెబితే కారు అమ్మేస్తాడేమో, తను మళ్ళీ గుర్రం తోక చూస్తూ బతకాల్సి వస్తుందేమో అని అతని భయం.

ఒకరోజు హిందూపురం నుంచి బెల్లం వ్యాపారి ఓబుళప్ప కబురు పంపాడు. ఇంట్లో పెళ్ళి ఉంది, మంచి చీరలు తెచ్చి చూపించమని. గంగాధరప్ప చీరల మూటలు కారెక్కించాడు. వెనక సీట్లో ఆయన భార్య జయలక్ష్మమ్మ కూర్చుంది. ఆమె మగ్గం నేసే ఇంట్లో పుట్టిన మనిషి. బేరం ఆడేది ఆమే, దండం పెట్టి నవ్వేది ఆయన.

పెనుకొండలో కాఫీకి ఆపమంటే కారు హోటలు దాటిపోయి, రోడ్డు పక్కన పోసిన ఇసుక కుప్పలో ముక్కు దూర్చి ఆగింది.

"ఆడ ఎండగా ఉండాది సావుకారీ. అందుకే ఈడ నీడకు తెచ్చినా" అన్నాడు కుళ్ళాయప్ప.

ఇసుక కుప్ప మీద నీడ లేదు. కానీ గంగాధరప్పకు కాఫీ మీద ధ్యాస ఉండి అది గమనించలేదు. వాళ్ళిద్దరూ హోటల్లోకి పోగానే కుళ్ళాయప్ప ఇంజను ఆపకుండానే కాళ్ళ దగ్గరి చెక్క ఎత్తి, బ్రేకు ఆయిలు పోసే డబ్బా మూత తీసి చూశాడు. అడుగున తడి తప్ప ఏమీ లేదు. ఎక్కడో కారిపోతూ ఉంది. పెనుకొండలో ఆ ఆయిలు దొరకదు. ఎదురుగా ఒకామె బాణలి పెట్టుకుని మిరపకాయ బజ్జీలు వేస్తోంది. నూనె అంటే నూనే కదా అనుకుని, ఆమె దగ్గర గిన్నెడు వేరుశనగ నూనె అడిగి తెచ్చి డబ్బా నిండా పోశాడు. పెడలు తొక్కి చూస్తే గట్టిగానే ఉంది. తన తెలివికి తానే మురిసిపోయి రెండు బజ్జీలు కూడా తిన్నాడు.

హిందూపురం చేరేసరికి పెడలు తొక్కితే నేలకంటుకుని, పైకి రావడం మానేసింది.

ఓబుళప్ప ఇంటి ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. పక్కనే ఆయన భార్య బాలమ్మ, చెల్లెలు చౌడక్క. కారు మెల్లగా వచ్చింది. మెల్లగానే వాళ్ళను దాటిపోయింది. ఓబుళప్ప జోడించిన చేతులు కారుతో పాటే తిరిగాయి.

"ఆపల్యా ఏమప్పా?" అన్నాడు గంగాధరప్ప.

"ఇంజను వేడి మీద ఉండాది సావుకారీ. ఒక సుట్టు తిరిగొస్తే సల్లబడతాది."

ఒక చుట్టు తిరిగొచ్చారు. మళ్ళీ దాటిపోయారు. "హో... హో..." అన్నాడు కుళ్ళాయప్ప ఏడుపు గొంతుతో. చివరికి ఒప్పుకున్నాడు. "బ్రేకు పడల్య సావుకారీ."

"చేతి బ్రేకు లాగు!"

"అది పోయిన్నెలే ఊడి చేతికొచ్చింది."

"అయితే ఇంజను ఆపేయ్. అదే నిలబడతాది."

"ఆపితే మళ్ళా పుట్టదు. తోయాల్సొస్తాది. పెండ్లోళ్ళ ఎదురుగా మీరు పంచె ఎగ్గట్టి తోస్తారా?"

గంగాధరప్ప ఆ దృశ్యం ఊహించుకున్నాడు. "అట్లయితే తిరగనీ" అన్నాడు.

జయలక్ష్మమ్మ అప్పటికే మూట విప్పుతోంది. "ఆగేదాకా కూచుంటే సరుకు పోదు. నడిచే మనిషికి అందేటట్టు మెల్లగా పోనీ" అని, ఒక వంకాయరంగు చీర కొంగు కిటికీలోంచి బయటికి వదిలింది. గాలికి ఆ జరీ కొంగు వీధి మధ్యన రెపరెపలాడింది. ఇళ్ళలోని ఆడవాళ్ళంతా గడపల మీదికి వచ్చారు.

బాలమ్మ కారు పక్కన వడివడిగా నడుస్తూ కొంగు పట్టుకుని చూసింది. "బాగుండాదమ్మా! అంచు ఇంకా వెడల్పుది లేదా?"

"మళ్ళా సుట్టుకు తీసి పెడతా!"

ఓబుళప్ప కాఫీ గ్లాసు కిటికీలోంచి అందించాడు. గంగాధరప్ప దండం పెట్టి, నవ్వి, వీధి చివరిదాకా కాఫీ తాగి, వచ్చే చుట్టులో ఖాళీ గ్లాసు తిరిగిచ్చాడు. "పంచదార సాలిందా?" అని ఓబుళప్ప అడిగిన దానికి జవాబు ఆ తర్వాతి చుట్టులో చెప్పాడు.

ఈలోగా వీధంతా బజ్జీల వాసన వచ్చింది. ఎవరింట్లో వేస్తున్నారా అని జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వీధికుక్కలకు మాత్రం ఏ సందేహమూ లేదు. అవన్నీ కారు వెంటపడ్డాయి. అదీ ఎడమవైపు వెనక చక్రం వెంట మాత్రమే.

వీధి మలుపులో కార్లు బాగుచేసే హనుమంతుకు షెడ్డు ఉంది. అతనికి తనంత మేస్త్రీ మైసూరు దాకా లేడని నమ్మకం. కుక్కల వరస చూసి, పరిగెత్తుకొచ్చి కారు మెట్టు మీదికి ఎగిరి నిలబడ్డాడు.

"ఏమబ్బా, బ్రేకు ఒత్తు!"

"ఒత్తే ఉండా!"

"వదిలి మళ్ళా ఒత్తు. గట్టిపడతాందా?"

"లేదన్నా. మజ్జిగలో కాలు పెట్టినట్టుండాది."

"లోపల ఆయిలు పోయి గాలి చేరుకుండాది. ఇంజను ఆపు."

"ఆపితే తోయాల కదా!"

"ఆపేదానికే కదయ్యా మీరంతా ఇంతసేపు ఏడుస్తాండేది! ఆపు!"

కుళ్ళాయప్ప ఇంజను ఆపాడు. కారు నాలుగు బారలు దొర్లి, షెడ్డు ముందు ఆగింది. తను మొదట చెప్పిందీ ఇదే అని గుర్తొచ్చి గంగాధరప్పకు కోపం రావాలో సంతోషం రావాలో తెలియలేదు.

హనుమంతు ఎడమ వెనక చక్రం ఊడదీసి, డ్రమ్ము లాగాడు. పొగ వచ్చింది. లోపలి తడిని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"శెనక్కాయ నూనె" అన్నాడు. "ఉప్పు తక్కువ."

అందరూ కుళ్ళాయప్ప వైపు చూశారు. కుళ్ళాయప్ప కుక్కల వైపు చూశాడు.

సంగతి ఇదీ. ఆ చక్రంలో బ్రేకును నెట్టే చిన్న గొట్టం ఉంటుంది. అందులోని రబ్బరు వాషరు చిరిగి, అసలు ఆయిలు చాన్నాళ్ళుగా కారిపోతోంది. పైన పోసిన వేరుశనగ నూనెకు రబ్బరు నానిన మినప్పప్పులా ఉబ్బి బిర్రబిగుసుకుంది. దాంతో బ్రేకు డ్రమ్మును రాసుకుంటూ వేడెక్కింది. ఆ వేడికి నూనె వేగింది కానీ, ఆ జిడ్డు వల్ల బ్రేకుకు పట్టు మాత్రం దొరకలేదు.

"ఈ చక్రంలో బజ్జీలేసుకోవచ్చు. బండి ఆపలేరు" అని తేల్చాడు హనుమంతు.

అతను గొట్టాలన్నీ విప్పి స్పిరిటుతో కడిగాడు. బస్సుల షెడ్డు నుంచి కొత్త వాషర్లు, అసలైన బ్రేకు ఆయిలు తెప్పించాడు. నూనె తాగిన బ్రేకు పట్టీలు తీసేసి వేరేవి బిగించాడు. మిగిలింది గొట్టాల్లోని గాలి తీయడం. కారులో ఒకరు పెడలు ఒత్తి పట్టుకోవాలి. కింద హనుమంతు చక్రం వెనకనున్న చిన్న మర వదులు చేస్తే ఆయిలుతో గాలి బుడగలు బయటికొస్తాయి. మర బిగించాకే పెడలు వదలాలి. ముందే వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. కుళ్ళాయప్పను ఎవరూ నమ్మలేదు కాబట్టి గంగాధరప్పే డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"ఒత్తు! పట్టుకో!" అన్నాడు హనుమంతు కారు కింద నుంచి.

సరిగ్గా అప్పుడే వెనక సీటు దగ్గర బాలమ్మ, చౌడక్క ఇద్దరూ ఒకే మామిడిపిందెల అంచు చీర పట్టుకున్నారు.

"వదులు!" అంది బాలమ్మ.

గంగాధరప్ప వదిలాడు.

"నేను వదలమన్యానా?" అని కింద నుంచి కేక వచ్చింది. "గాలంతా లోపలికి పాయె! మళ్ళా ఒత్తు! పట్టుకో!"

"నేను ముందు పట్టుకున్యా, నువ్వే వదులు!" అంది చౌడక్క.

గంగాధరప్ప మళ్ళీ వదిలాడు.

హనుమంతు ఆలోచించి, తెలుగు వదిలేసి కన్నడంలోకి మారాడు. "ఇంక పట్టుకో అనను, హిడి అంటా. వదులు అనను, బిడు అంటా. సరేనా? హిడి!"

చౌడక్కను ఇచ్చింది మడకశిర వైపు. కోపం ముదిరితే ఆమెకు కన్నడమే వస్తుంది. "బిడు అత్తిగే, బిడు!" అని వదినె మీద అరిచింది.

గంగాధరప్ప బిడాడు.

కారు కింది నుంచి హనుమంతు ముఖం బయటికొచ్చింది. ముక్కు చివర ఆయిలు బొట్టు వేలాడుతోంది. "సావుకారీ, నీ కాలు నా మాట ఇంటాందా, వాళ్ళ మాట ఇంటాందా?"

"దిగయ్యా నువ్వు" అంది జయలక్ష్మమ్మ. ఆమె వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. "చిన్నప్పటి నుంచి సుట్టూ పదిమంది కొట్లాడుకుంటా ఉంటే మగ్గం తొక్కినదాన్ని. నా కాలికి చెవులు లేవు. మేస్త్రీ, నువ్వు మెల్లగా చెప్పు సాలు."

వెనక వదినా మరదళ్ళు రెండు భాషల్లోనూ పట్టుకోమన్నారు, వదలమన్నారు. జయలక్ష్మమ్మ పాదం కదల్లేదు. హనుమంతు చెప్పినప్పుడే దిగింది, చెప్పినప్పుడే లేచింది. మధ్యమధ్యలో వెనక్కి తిరగకుండానే "అదే అంచుది ఇంకోటి అడుగు మూటలో ఉండాది, చిలకపచ్చ రంగు" అని చౌడక్కకు కూడా చీర అమ్మేసింది. కాసేపటికి బుడగలు ఆగిపోయి, ఆయిలు సన్నని దారంలా వచ్చింది. హనుమంతు మర బిగించాడు.

కుళ్ళాయప్ప మళ్ళీ డ్రైవరు సీట్లో కూర్చుంటే అందరూ కలిసి తోశారు. గంగాధరప్ప కూడా పంచె ఎగ్గట్టాడు, ఓబుళప్ప ఆయన పక్కనే భుజం ఆనించాడు. ఇంజను పుట్టగానే గంగాధరప్ప, జయలక్ష్మమ్మ ఎక్కారు. వీధి చివర పరీక్ష కోసం కుళ్ళాయప్ప "హో!" అంటూ రెండు కాళ్ళతో బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. కారు కొయ్యలా ఆగింది. గంగాధరప్ప మాత్రం ఆగకుండా వెనక సీట్లోంచి ముందు సీట్లోకి వచ్చి తలకిందులుగా పడ్డాడు.

"ఆగింది!" అన్నాడు అక్కణ్ణుంచే, కాళ్ళు పైకుండగానే. "ఏమే, చూసినావా, ఆగింది!"

తిరుగు దారిలో ఆయన సంతోషానికి అంతులేదు. చింతచెట్టు కనిపిస్తే ఆపమన్నాడు. మైలురాయి కనిపిస్తే ఆపమన్నాడు. పెనుకొండ దాటాక గొర్రెల మంద పక్కన ఆపించాడు.

"ఏమప్పా, ఏం పని మీద నిలిచినారు?" అని అడిగాడు గొర్రెలు కాసే ముసలాయన.

"ఏం పనీ లేదప్పా" అన్నాడు గంగాధరప్ప, నుదుటి మీది బొప్పి తడుముకుంటూ. "ఊరికే. నిలిచినాము, అంతే."

ముసలాయన కాసేపు ఆలోచించి, అదేదో కొత్త మర్యాద కాబోలు అనుకుని, తన గొర్రెలను కూడా నిలబెట్టాడు.