సాంబారు అంటిన పేజీలు

నేను ఒక టేప్ రికార్డర్‌ని. బరువు ఇటుకంత, గొంతు కాస్త బొంగురు. నన్ను ఎవరు బిగించారో గుర్తులేదు గానీ, విశాఖలో కొట్టువాడు మాత్రం "పాటలకే పుట్టిందండీ ఇది" అని అమ్మాడు. తీరా కొనుక్కున్న పిల్ల నాతో ఒక్క పాటా పాడించలేదు.

ఆమె పేరు పైడితల్లి. యూనివర్సిటీలో ఎం.ఏ. చరిత్ర. పుస్తకం తెరిస్తే అక్షరాలు తారుమారయ్యేవి, పై వరుస చదువుతూ కింది వరుసలోకి జారిపోయేది. వింటే మాత్రం ఒక్క మాట పోనిచ్చేది కాదు. దానికి డిస్లెక్సియా అని పేరుందని మా హాస్టల్లో ఎవరికీ తెలియదు. బద్ధకం అన్న పేరు మాత్రం అందరికీ తెలుసు. గదిలో తోడుండే, అదే క్లాసు చదివే ఎస్తేరు పాఠాలు పైకి చదివితే నేను పట్టుకునేదాన్ని. పైడితల్లి నన్ను చెవికి ఆనించుకుని వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తూ వినేది. కూర్చుంటే ఆమెకు చదువు ఎక్కేది కాదు. ఆ నడకలు తలచుకుంటే ఇప్పటికీ నాకు బెంగగా ఉంటుంది.

పరీక్షలయ్యాక చరిత్ర చెప్పే జగ్గారావు మాస్టారు ఇద్దరినీ పిలిచారు. ఇద్దరి జవాబుల్లోనూ అవే మాటలు. ఇద్దరూ ఒకే యుద్ధాన్ని సగంలో వదిలేసి సంధి దగ్గర తేలారు.

"చూసి రాసినా ఇన్ని తప్పులేంటమ్మా?" అన్నారు పైడితల్లితో.

కాపీ అని ఆయన రాసి పంపితే ఆమె చదువు అక్కడితో సరి. పైడితల్లి నన్ను బల్లమీద పెట్టి బటన్ నొక్కింది.

ఎస్తేరు గొంతు యుద్ధం చదువుతోంది. "ఉండవే, దోమ కుట్టేసింది" అంది మధ్యలో. పేజీ తిప్పిన చప్పుడు. వెంటనే సంధి మొదలైంది. ఎస్తేరు పరుగున వెళ్ళి పుస్తకం తెచ్చింది. మెస్ సాంబారు పడి రెండు పేజీలు అంటుకుపోయి ఉన్నాయి.

"పుస్తకాలన్నీ ఇలాగే విన్నావా?"

"రెండేళ్ళబట్టీ అంతేనండి. కళ్ళతో సదివితే నిలవదండి నాకు."

మనుషులు చిత్రమైనవాళ్ళు. రెండేళ్ళు ఎదురుగా కూర్చున్న పిల్లను ఏమీ అడగరు, పెట్టె చెబితే నమ్ముతారు. మాస్టారు గోటితో మెల్లగా ఆ పేజీలు విడదీసి, నన్ను దగ్గరకు లాక్కున్నారు.

"రికార్డుకు ఎర్ర బటనేనా అమ్మా?" అని అడిగి, గొంతు సవరించుకుని, వదిలేసిన యుద్ధమంతా చదివారు.

ఇప్పుడు నేను లెక్చరర్ పైడితల్లి గదిలో బీరువా మీద ఉన్నాను. మోటారు పోయి ఏళ్ళయింది. ఆమె విద్యార్థులు పాఠాలు ఫోన్లలో వింటూ కారిడార్లో నడుస్తుంటారు. మొన్న ఒక పిల్ల నా దుమ్ము తుడుస్తూ, "పనిచేయదు కదా మేడమ్, పడేద్దామా?" అంది.

పైడితల్లి నన్ను చేతుల్లోకి తీసుకుంది. "వద్దమ్మా. మా మాస్టారు ఉన్నారు ఇందులో."