గరగర కాదు

బండి అమ్మేద్దామని ఆదివారం పొద్దున అక్కతో అన్నాను. అక్క గోళ్ళు కత్తిరించుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఆ చప్పుడు గురించేనా?" అంది.

నెల రోజులుగా ఆ చప్పుడు వినపడకుండా రేడియో పెంచి నడుపుతున్నాను. వేగం అరవై దాటితే మొదలవుతుంది. అక్కకు తెలియదనుకున్నాను. పక్క సీటులో కూర్చున్న మనిషికి తెలియదనుకోవాలంటే చాలా పట్టుదల కావాలి. నాకు అలాంటి పట్టుదల ఉంది.

బండికి పన్నెండేళ్ళు. ఎత్తుగా, వెడల్పుగా, గతుకుల రోడ్ల కోసం చేసిన రకం. మూడు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. కొనడానికి కారణం ఒక్కటే, అక్క చక్రాల కుర్చీ మడవకుండా వెనక డిక్కీలో పడుతుంది. ప్రమాదం తరవాత మూడేళ్ళు అక్క గుమ్మం దాటలేదు. బండి వచ్చాక, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో తన పాత బల్ల దగ్గరే మళ్ళీ సగం రోజు పనికి చేరింది. ల్యాబు ఊరికి ఆ చివర. కుర్చీ ఎక్కే బస్సు ఆ దారిలో లేదు. బండి పోతే అక్క పని పోయినట్టే.

"మేస్త్రీకి ఫోన్ చేశాను. గేర్‌బాక్సు అన్నాడు. విప్పితే బండి కొన్న ధరలో సగం పైనే అవుతుందట."

"చూడకుండానే అన్నాడా?"

"చప్పుడు ఎలా ఉందని అడిగాడు. గరగరమంటోందని చెప్పాను."

అక్క అప్పుడు తల ఎత్తింది. "గరగరా? ఎవరు చెప్పార్రా నీకు?"

బీమా పత్రాల్లో తప్పులు దిద్దడం నా ఉద్యోగం. ఇంట్లోనే కూర్చుని చేస్తాను. ఒక మాట ఉండాల్సిన చోట ఇంకో మాట పడితే ఎవరి కొంప మునుగుతుందో నాకు బాగా తెలుసు. అయినా ఆ మాట నా నోటికి చాలా సులువుగా వచ్చింది.

సోమవారం ల్యాబుకి సెలవు చెప్పి ఇద్దరం షెడ్డుకి వెళ్ళాం. మేస్త్రీకి అరవై దాటాయి. నలభై ఏళ్ళ సుత్తి దెబ్బలకి చెవులు సగం పోయాయి. అందుకని బండి తెచ్చినవాళ్ళ చేతే చప్పుడు చేయించుకుంటాడు. షెడ్డులో ఎప్పుడు చూసినా ఎవరో ఒక పెద్దమనిషి నిలబడి కిర్రుమనో టకటకమనో అంటూ ఉంటాడు.

మేస్త్రీ స్టీరింగు పట్టుకున్నాడు. అక్క పక్కన, నేను వెనక. ఖాళీ రోడ్డు మీద వేగం అరవై దాటించి, "ఇప్పుడు చెయ్యండి సార్," అన్నాడు.

నాకు ముఖం వేడెక్కింది. "గర... గర..." అన్నాను.

"అది నీ గొంతు బొంగురు. బండిది కాదు," అంది అక్క. "మేస్త్రీ గారూ, వాడు చెప్పింది వదిలెయ్యండి. ఇలా వస్తోంది." పెదాలు మూసి ఊఁ అని సాగదీసింది, పాట అందుకోబోతూ శ్రుతి చూసుకుంటున్న మనిషిలా.

మేస్త్రీ గేరు తీసి న్యూట్రల్లో వదిలేశాడు. "ఆగిందా అమ్మా?"

"లేదు. ఊఁ..."

స్టీరింగు కొంచెం కుడికి తిప్పాడు. అక్క ఊఁ పెద్దదైంది. ఎడమకి తిప్పాడు. సన్నబడింది. మళ్ళీ కుడికి. ఇద్దరూ కచేరీ చేస్తున్నట్టుంది. రేడియో కట్టేసి ఆ చప్పుడు వినడం నాకు అదే మొదటిసారి. అక్క చేస్తున్నది అచ్చంగా అదే.

"ఎడమ ముందు చక్రం," అన్నాడు మేస్త్రీ. "బేరింగు అరిగింది. గేర్‌బాక్సు జోలికి పోనక్కర్లేదు."

"నయం. నేను గేరు పళ్ళు కదులుతున్నాయేమో అనుకున్నా. అదైతే నేనే కట్టేదాన్ని," అంది అక్క.

షెడ్డులో జాకీ పెట్టి చక్రం లేపి, ఒక చేత్తో దాన్ని తిప్పుతూ రెండో చెయ్యి పక్కనున్న స్ప్రింగు మీద వేశాడు. "రండి సార్, మీరూ వెయ్యండి." వేశాను. ఇనుము లోపల ఎక్కడో ఇసుక నలుగుతున్నట్టు అరచేతికి తగిలింది. గరగర అక్కడ ఉంది, చేతికి మాత్రమే అందేటంత. నేను దాన్ని చెవితో విన్నానని చెప్పాను.

చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. గండం తప్పిందంటే తేలికపడాలి కదా, ఏదో చేజారినట్టు ఉందేమిటి? మూడేళ్ళు అక్కకి మంచినీళ్ళ గ్లాసు నుంచి కిటికీ తలుపు దాకా నేనే. ఇప్పుడు పొద్దున పూట ఇంట్లో నా కీబోర్డు చప్పుడు తప్ప ఏదీ ఉండదు. బండి పోతుందని నెల రోజులు భయపడ్డాను, నిజమే. ఆ భయం అడుగున, బండి పోతే అక్క మళ్ళీ ఇంట్లోనే ఉంటుందన్న ఆశ ఒకటి నక్కి ఉందని, ఫోన్లో ఆ మాట చెప్పించింది అదేనని, గ్రీజు వాసనలో మోకాళ్ళ మీద కూర్చుని ఒప్పుకున్నాను. సిగ్గేసింది. తరవాత ఊపిరి కాస్త సులువుగా ఆడింది.

మేస్త్రీ మిగతావి చెప్పాడు. రేడియేటర్ కింది పైపు ఉబ్బింది, బేరింగుతో పాటే మార్చాలి. ఇంజన్ మీద ఆయిల్ చెమరుస్తోంది, తుడుచుకుంటూ గమనిస్తే చాలు. వెనక చక్రాల దగ్గర రబ్బరు బుషులు అరిగాయి, అవి కొన్నాళ్ళు ఆగుతాయి. ఇప్పటి ఖర్చు రెండు కొత్త టైర్లంత.

"ఇంకెన్నాళ్ళు నడుస్తుంది?" అని అడిగాను.

"మనిషికైతే చెప్పలేను సార్. దీనికైతే, చప్పుడు చేసినప్పుడల్లా తెస్తే నాలుగైదేళ్ళు. అమ్మగారిని కూడా తీసుకురండి."

బుధవారం పొద్దున బండి వచ్చింది. ల్యాబు గేటు దగ్గర కుర్చీ దింపాను. అక్క చేతులూని కుర్చీలోకి జరిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఒంటిగంటకి రాకు. ఆరింటికి రా," అంది.

"ఏం?"

"రోజంతా చెయ్యమంటున్నారు. అడిగి పది రోజులైంది. బండి సంగతి తేలనీ అని ఊరుకున్నా. ఇవాళ ఒప్పుకుంటా." నా ముఖంలోకి చూసింది. "నీకు ఇబ్బందా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం సరిపోతుంది. కానీ ఆ క్షణం నేను వాడుకోలేదు.

"మధ్యాహ్నం ఒక్కణ్ణే తినాలంటే కొంచెం కష్టంగా ఉంటుంది," అన్నాను.

"అయితే ఒంటిగంటకి నువ్వే ఇక్కడికి రా. లోపల పెద్ద బల్ల ఉంది, అందరం అక్కడే తింటాం. పళ్ళ సెట్ల మధ్య తినడం అలవాటు చేసుకోవాలి, అంతే."

"రెండు పూటలా తిరగాలంటే వెనక బుషులు ఆగవు. వచ్చే నెల వేయించేద్దాం."

"వేయించు," అంది. నేను సాయం పట్టేలోపే కుర్చీ తిప్పుకుని లోపలికి వెళ్ళింది.