సాబేరాకు గూడ సలాం

మా ఆయన వజీర్ ఎల్లారెడ్డిలో పుట్టి కామారెడ్డిలో చెడిపోయాడని మా అత్త తాహేరా ఊరందరికీ చెప్పేది. చెడిపోవడమంటే తాగుడు కాదు, పేకాట కాదు. గిటారు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో సిరాజుద్దీన్ అనే మైకుసెట్ల ఆయన ఒక ఆర్కెస్ట్రా నడిపేవాడు. పెళ్ళిళ్ళు, వినాయక మండపాలు, దర్గా ఉర్సులు, ఎవరు పిలిస్తే అక్కడికి పోయేవాళ్ళు. అందులో కరెంటు గిటారు మా ఆయనది.

ఆ గిటారు కంటే ఆయనకు ముద్దయినది ఒక పెడల్. బొంబాయి నుంచి వచ్చిన ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర బతిమాలి కొన్నాడు. ఇనుప డబ్బా, దాని మీద కాలు పెట్టే పలక, పలక మీద నల్ల రబ్బరు. గిటారు వైరు ముందు అందులోకి పోయి, అక్కణ్ణుంచి మైకు బాక్సుకు పోతుంది. మడమ నొక్కితే గిటారు మోత నోరు మూసుకుంటుంది. మునివేళ్ళు నొక్కితే నోరు తెరుస్తుంది. వా అని. చంటిపిల్ల ఎత్తుకోమని అడిగినట్టే ఉంటుంది. పెళ్ళి కొత్తలో నన్ను నవ్వించడానికి రేడియో వైరు కూడా అందులోంచి పోనిచ్చాడు. వార్తలు చదివే ఆయన వరి ధర గురించి చెబుతూ చెబుతూ వావా అన్నాడు. మా అత్త నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే, "గీ మిషన్ ఒక్క రవికెనన్న కుడ్తదారా?" అని తిట్టింది. ఆమె నవ్వు ఎప్పుడూ తిట్టుతోనే ముగిసేది.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నన్ను పిలిచి, "నీ కాలు పెట్టు" అన్నాడు. ఆయన మంచం మీద కూర్చుని తీగలు మీటుతుంటే నేను పెడల్ తొక్కాలి. భయంతో గట్టిగా తొక్కేశాను, మైకు బాక్సు కుయ్యిమంది.

"గట్ల గాదు సాబేరా. కూర ఉడికిందో లేదో చూడనీకె గిన్నె మీద మూత ఎట్ల తీస్తవ్? మెల్లగ తీసి, ఆవిరి పోనిచ్చి, మల్ల మెల్లగ పెడ్తవ్ గద. గట్ల."

అది నాకు వచ్చిన పనే. ఆయన చేతులు, నా కాలు. రెండూ కలిసి ఒకే మోత అయింది. ఆ రోజు ఆయన వాయించింది పాట కాదు, ఊరికే అప్పటికప్పుడు పుట్టించినది. తర్వాత మేం ఇద్దరమే ఉన్నప్పుడు అదే వాయించేవాడు. మా ఇంట్లో భార్యాభర్తలు అందరి ముందు మాట్లాడుకోరు. మాకు దక్కిన మాట అదొక్కటే, నాకు అది చాలేది.

తర్వాత క్యాసెట్లు వచ్చి ఆర్కెస్ట్రా గిరాకీ మీద మన్ను పోశాయి. మండపాల్లో టేప్‌రికార్డరు పెట్టుకుంటే సరిపోయె, ఇంతమందికి అన్నాలు ఎవరు పెడతారు? వజీర్ దుబాయిలో కరెంటు పనికి కుదిరాడు. గిటారు మోసుకుని పోతానని పట్టుబట్టాడు. బ్యాగు బరువెక్కిందని మా అత్త పెడల్ తీసి పక్కన పెట్టి, ఆ చోట్లో మామిడికాయ పచ్చడి డబ్బా పెట్టింది. ఆయన పెడల్ తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ దగ్గరుండనీ. సగం గిటారు తీస్కపోతున్న అనుకుంట" అన్నాడు.

పోయేవాళ్ళతో తర్వాతైనా పంపొచ్చు. పంపలేదు. రబ్బరు మీద ఆయన బొటనవేలు పడే చోట అరిగిపోయి ఉంది. ఇల్లు ఊడ్చేటప్పుడు మంచం కింది నుంచి తీసి, తుడిచి, ఆ అరిగిన చోట నా వేలు ఆనించి మళ్ళీ లోపలికి నెట్టేదాన్ని. చేతికి అందేది ఆయనదంటూ అదొక్కటే ఉంది. దాన్ని కూడా దుబాయి పంపి నేనేం చేసుకోవాలి?

ఉత్తరాల బదులు క్యాసెట్లు వచ్చేవి. ఆయనతో పనిచేసే పోచారం సాయిలు సెలవు మీద వచ్చినప్పుడల్లా ఒకటి తెచ్చేవాడు. తిరిగి పోయేటప్పుడు అదే క్యాసెట్లో మా మాటలు నింపి ఇవ్వాలి. క్యాసెట్ వచ్చిందంటే మా వాకిలి నిండేది. మా మామ, మరుదులు, పక్కింటి భూదవ్వ, ఆమె మనవలు, అందరూ చుట్టూ కూర్చునేవాళ్ళు. వజీర్ గొంతు ఒక్కొక్కరిని పేరు పెట్టి పలకరించేది. అమ్మీకి సలాం. అబ్బాకు సలాం. రేకులు వేయించిండ్రా? బర్రె ఈనిందా? భూదవ్వ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అందరూ అయ్యాక, చిట్టచివర, గొంతు కొంచెం తగ్గించి, "సాబేరాకు గూడ సలాం" అనేవాడు.

గూడ! బర్రె తర్వాత, భూదవ్వ మోకాళ్ళ తర్వాత, నేను గూడ. నాకు ఒళ్ళు మండేది. అంతమంది ముందు ఆయన మాత్రం ఏమంటాడని నేనే సర్దిచెప్పుకునేదాన్ని. ఒక్క మాట, నా ఒక్కదానికని ఒక్క మాట కావాలి నాకు. అది ఎక్కడి నుంచి రావాలో తెలియక రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

మా అత్తకొక పద్ధతి ఉంది. ఆ 'గూడ సలాం' అవ్వగానే, "మాటలయిపోయినయ్, బంద్ జెయ్యి" అని బటన్ నొక్కించేది. జవాబు సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెట్టించేది. క్యాసెట్ మొదటికి తిప్పి మాట్లాడదామని మా మరిది అంటే ఒప్పుకునేది కాదు. "వాడు అడగకముందే నేను జవాబు చెప్పాల్నా? మనిషి మాట అయినంకనే మనిషి మాట్లాడాలె" అనేది. అందరికీ న్యాయంగానే తోచింది. నాకూ తోచింది.

ఈసారి సాయిలు తెచ్చిన క్యాసెట్ వింటున్నాం. 'సాబేరాకు గూడ సలాం' దాకా వచ్చింది. మా అత్త నోరు తెరవబోతుండగా భూదవ్వ మనవడు కేకేశాడు. బర్రె తాడు తెంపుకుని మక్కచేన్లో పడింది. వాకిలంతా లేచి ఉరికింది. నేనొక్కదాన్నే మిగిలాను, టేపు తిరుగుతూనే ఉంది.

కాసేపు సర్‌ర్ మని ఉత్త చప్పుడు. తర్వాత గిటారు.

అది మాదే. మంచం మీద కూర్చుని ఆయన, కింద నేను వాయించినది. కానీ పెడల్ లేక తీగ మోత పొడిపొడిగా ఉంది. మూత తీయాల్సిన చోటల్లా ఆయన ఒకే తీగను పట్టి ఆగుతున్నాడు. నా కాలి కోసం ఆగుతున్నాడు. కాలు రాదు. ఇంకో తీగ మీటి మళ్ళీ ఆగుతున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. పోయిన క్యాసెట్లలో కూడా ఇది ఉండి ఉంటుంది. మాటలయిపోయాయని మేం ఆపి, దాని మీదే రేకుల సంగతి, బర్రె సంగతి నింపి పంపాం. ఆయన అక్కడ టేపు పెట్టుకుని, తను నాతో మాట్లాడిన చోటల్లా బర్రె ఈనిన కబురు విన్నాడు. అయినా మళ్ళీ వాయించి పంపాడు. టేపు ముందే ఏడ్చేశాను.

బర్రెను తోలుకుని వచ్చిన మా అత్త, జవాబు నింపుదాం పట్టమంది. "రికార్డు బటన్ పడ్తలేదమ్మీ" అన్నాను. "కామారెడ్డిల సిరాజ్ భాయ్ దగ్గరికి పోదాం. సాయిలన్న ఎట్లాగు ఆడనే బండెక్కుతడు గద." సాయిలు పోయే రోజు పెడల్ చీరలో చుట్టి సంచిలో వేసుకున్నాను. బస్సులో అది నా ఒళ్ళోనే ఉంది.

సిరాజుద్దీన్ దుకాణంలో మైకు బాక్సులు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆయన మమ్మల్ని స్టూళ్ళ మీద కూర్చోబెట్టి క్యాసెట్ పెట్టాడు. వజీర్ గొంతు వచ్చింది, సలాములు అయ్యాయి.

"మాటలయిపోయినయ్, బంద్ జెయ్యి" అంది మా అత్త.

"ఉండుండ్రి అమ్మీ!" అన్నాను. ఆమె ముందు నా గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. సిరాజ్ భాయ్ చెయ్యి బటన్ మీదే ఆగిపోయింది. సర్‌ర్ మన్న చప్పుడు అయ్యాక గిటారు వచ్చింది. అది అయిపోయేదాకా విన్నాం.

"గిది ఎప్పటిసంది పెడ్తుండు వీడు?" అంది మా అత్త.

"మొదటిసందే పెట్టిండో ఏమో. మనం దీని మీదనే మాట్లాడుకుంట పోయినం."

"బర్రె ఈనిందని నేను చెప్పింది గూడ దీని మీదనేనా?"

"అవునమ్మీ."

నేను సంచిలోంచి పెడల్ తీసి కింద పెట్టాను. "భాయ్, రేడియో పోనిచ్చినట్టు గీ టేపును ఇందులకెళ్ళి పోనియ్యస్తదా? ఇంకో టేపుల రికార్డు చెయ్యాలె."

సిరాజ్ భాయ్ నా మొహం చూసి వెంటనే లేచాడు. డబ్బాలో కొత్త బ్యాటరీ వేశాడు, వైరు టేప్‌రికార్డరు నుంచి పెడల్‌కు, పెడల్ నుంచి రెండో టేప్‌రికార్డరుకు కలిపాడు. "కానియ్యి భాభీ" అన్నాడు.

చెప్పు విప్పి కాలు పెట్టాను. టక్ మంది. మొదటి తీగ వచ్చింది, మెల్లగా మూత తీశాను. వా అంది గిటారు. ఆవిరి పోనిచ్చి మెల్లగా మూశాను. ఆయన ఆగిన ప్రతి చోటా నా కాలు ఉంది. దుబాయిలో ఆయన చేతులు, కామారెడ్డిలో నా కాలు, మధ్యలో ఎన్ని నెలలో. ఏడుస్తూనే తొక్కాను, ఒక్కచోట కూడా తప్పలేదు. నాకు అంత సంతోషం అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు.

అయిపోయాక సిరాజ్ భాయ్ మైకు తెచ్చి మా అత్త ముందు పెట్టాడు. "మాట్లాడుండ్రి అమ్మీ, దీని తర్వాత."

ఆమె మైకును చేత్తో పక్కకు జరిపింది. "నేను మాట్లాడ. వాడు అడిగిందానికి జవాబు అయిపోయింది. గిదే పంపు" అంది. కొడుకుతో మాట్లాడే అవకాశం ఆమెకు మళ్ళీ సాయిలు సెలవు దాకా లేదు. స్టేషన్ దాకా నాతో నడిచి, క్యాసెట్‌ను తనే సాయిలు చేతిలో పెట్టింది. సిరాజ్ భాయ్ ఇచ్చిన వైరు నా సంచిలో ఉంది.

మరుసటి ఏడు వానలు పోయి చలి మొదలయ్యాక సాయిలు మళ్ళీ వచ్చాడు. మా వాకిలి ఎప్పట్లాగే నిండింది. టేపు తిరిగింది. అమ్మీకి సలాం, అబ్బాకు సలాం, బర్రె దూడ, భూదవ్వ మోకాళ్ళు. చిట్టచివర ఆ గొంతు తగ్గింది.

"సాబేరాకు గూడ సలాం."

మా మరిది అలవాటు ప్రకారం బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. మా అత్త ఆ చేతి మీద ఒక్కటి చరిచి లేచింది.

"బర్రె తాడు తెంపుకున్నట్టుంది. మక్కచేన్ల వడ్తది, లేవుండ్రి అందరు! భూదవ్వా, నువ్వు గూడ రా. ఓ, నీకే చెప్తున్న!"

మామను, మరుదులను, పిల్లలను, మోకాళ్ళు పట్టుకుని గొణుక్కుంటున్న భూదవ్వను, అందరినీ బయటికి తోలి, దర్వాజ దగ్గరికి వేసి పోయింది. నేను లోపలికి ఉరికి పెడల్, వైరు తెచ్చుకుని కూర్చున్నాను. టేపులో సర్‌ర్ మని చప్పుడు వస్తోంది. ఎదురుగా బర్రె, గుంజకు కట్టేసి ఉన్నది ఉన్నట్టే, తీరిగ్గా నెమరేస్తోంది.