పడవ ముక్కున కొయ్య

ఉప్పుకాగితం అరిగిపోతే మరదలు కొత్తది తీసుకోలేదు. తిప్పి మడిచి మళ్ళీ రుద్దింది. కొయ్య పొడవునా చెయ్యి జార్చి చూసింది. ఎక్కడా ముల్లు తగల్లేదు. ఈ పనిలో ఆమె వేలిముద్రలు ఎప్పుడో చెరిగిపోయాయి.

అక్క పురిటికి సాయం వచ్చిన మనిషి. బిడ్డ దక్కలేదు, కొన్నేళ్ళకు అక్కా దక్కలేదు. ఈమెను ఎవరూ ఉండమనలేదు, పొమ్మననూ లేదు. బావ పడవలు చెక్కేవాడు. ఈమె నునుపు చేసి వార్నిష్ పూసేది. అన్నీ పరాయివాళ్ళవే. సొంతానికి చేసుకున్న ఈ చిన్న తెరచాప పడవ మాత్రం, గాలి మందగిస్తే నత్తతో పందెం కట్టేది. ముక్కున ఓ కొయ్య ముందుకు సాగితే ఇంకో చాప కట్టొచ్చని బావ ఆశ. షెడ్డేమో పొట్టిది, కొయ్య ఉంటే తలుపు పడదు. అందుకే ఊడదీసేలా అమర్చాడు: రెండు ఇనుప కడియాల్లోంచి దూర్చి, వెనక చీల పెడితే నిలుస్తుంది.

"రెండో పూత వేసి ఆరనిద్దాం బావా. రేపు బిగిద్దాం."

"రేపటికి..." ఊపిరి కూడదీసుకున్నాడు. "గాలి ఉంటుందో లేదో."

ఏ గాలి అని ఆమె అడగలేదు. డాక్టరు చెప్పినప్పుడు పక్కనే ఉంది. ఈ పడవ ఇక నీళ్ళ మొహం చూడదని ఇద్దరికీ తెలుసు. కాదంటే ఈ పూట కూడా పోతుంది. కొయ్య రెండో కొస ఎత్తి పట్టుకుంది.

చీల దిగింది. బావ పడవలోకెక్కి చేరగిలబడ్డాడు. కొయ్య తలుపులోంచి వీధిలోకి పొడుచుకొచ్చింది.

"ఎలా ఉంది?"

"ముక్కుమీద కోపంలా ఉంది."

"మీ అక్కకుండేది." నవ్వబోయి దగ్గాడు. "నీకెప్పుడొచ్చింది గనక కోపం."

ఆమె "టీ తెస్తా," అని ఇంట్లోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది. పిలవలేదు. గ్లాసు పడవ అంచున పెట్టి, చల్లారేదాకా పక్కనే నిలబడింది. ఆ తరవాతే పొరుగువాళ్ళను కేకేసింది. మనుషులు వచ్చారు, ఎత్తుకెళ్ళారు.

సాయంత్రం వీధిలో ఎవరో ఆగి, "ఈ కొయ్య తీయించండమ్మా, ఎవరి కంట్లోనైనా పొడుచుకుంటుంది," అన్నారు.

చీల లాగింది. చెప్పిన మాట విన్నట్టు కొయ్య ఊడొచ్చింది. గోడవారన పెట్టి తలుపు మూయబోయింది. తలుపు వెనక మేకుకు బావ చొక్కా వేలాడుతోంది, చేతులు మోచేతుల దాకా మడిచినవి మడిచినట్టే.