అట్ట కింద నంబరు

వరద వచ్చి పాత వంతెనను ఊడ్చుకుపోయిన ఆరో ఏడు అది. వానలు ఇంకా మొదలుకాలేదు. పొద్దున్నే దుకాణం వెనకగదిలో పీట మీద కూర్చుని, మేకుల తాత ఒక సిపాయి బూటులో ముక్కు పెట్టి వాసన చూస్తున్నాడు.

వాసన అయ్యాక బొటనవేలితో కుట్టు తడిమాడు. బూటు లోపల కొట్టిన ముద్రవైపు చూడనే లేదు. ముద్ర ఎవడైనా కొట్టగలడు. దారం అబద్ధమాడదు. గోటితో ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి కొసకి అంటించాడు. పోగు బూడిద కాలేదు, కరిగి ముద్దయింది.

"కొత్తది," అన్నాడు.

"మావయ్యా, కాస్త మెల్లగా. అమ్మేవాడు బయటే ఉన్నాడు," అన్నాడు దుకాణం నడిపే అల్లుడు, తలుపు దగ్గరగా వేస్తూ. "పెద్ద యుద్ధం నాటిదని ప్రమాణం చేస్తున్నాడు."

"ఆ యుద్ధంలో నూలు దారం. ఇది నైలాను."

ఆ రెండు మాటలే ఆ పూటకి ఎక్కువ. సైన్యంవాళ్ళ బూట్లు బాగుచేసే షెడ్డులో ముప్పైయొక్క ఏళ్ళు పనిచేశాడు తాత. పని జరిగినంతసేపూ నోట్లో గుప్పెడు మేకులుండేవి. మేకులున్న నోటితో మాట్లాడితే మింగేస్తాం. ఆ షెడ్డు మూతపడి, మేకులు పోయినా నోరు మాత్రం అలాగే ఉండిపోయింది. అందుకే ఆ పేరు. చదువు మూడో తరగతి. అయినా పాత బూట్లు కూడబెట్టే పెద్దమనుషులు ఊళ్ళు దాటి వచ్చి ఈ పీట ముందు నిలబడేవారు. లేసు కన్నాల రింగులు ఇత్తడివా, రంగేసిన ఇనుపవా, మడమకి ఎన్ని మేకులు, అడుగు తోలా, రబ్బరా అని చూసి ఏ ఏటిదో చెప్పేవాడు. పదేళ్ళలో ఒక్కసారి తప్పలేదు.

ఆ రోజు పదిగంటలకి పళ్ళ డాక్టరు వచ్చాడు. అద్దాల బీరువాల నిండా బూట్లు పెట్టుకున్న మనిషి.

"రోజంతా జనం నోళ్ళలోకి చూస్తారు, సాయంత్రం బూట్ల నోళ్ళలోకి చూస్తారు, మీకు విసుగెయ్యదా?" అన్నాడు అల్లుడు.

"బూటు అరవదయ్యా," అన్నాడు డాక్టరు. "కిటికీలో పెట్టిన జత తియ్యి. తాత సరే అంటే పట్టుకుపోతాను."

అల్లుడు కిటికీలో చెయ్యి పెట్టేలోగా ఒక నర్సమ్మ లోపలికి వచ్చింది. అరవై దగ్గర పడ్డ మనిషి. రెండు రోజులుగా ఆమె కిటికీ బయట నిలబడి చూసి వెళ్ళిపోవడం తాత గమనిస్తూనే ఉన్నాడు.

"ఆ జత ఎవరికీ ఇవ్వకండి," అంది. "లోపలి నంబరులో చివరి మూడంకెలు అద్దంలోంచి కనిపించాయి. మొత్తం చెప్తాను, చూసుకోండి. నాలుగు, నాలుగు, సున్నా, ఒకటి, ఏడు, తొమ్మిది."

అల్లుడు బూటు పైఅంచు మడిచి చూశాడు. అంకె పొల్లుపోలేదు.

"మా అన్నది," అంది నర్సమ్మ. "డెబ్భై ఎనిమిదిలో పోయాడని ఉత్తరం వచ్చింది. మనిషి రాలేదు, పెట్టె కూడా రాలేదు. ఉత్తరమే."

డాక్టరు బూటు తిరగేశాడు. రబ్బరు అడుగు మధ్యలో చిన్న గుండ్రం. అందులో ఏడాది అంకె, చుట్టూ నెలకో చుక్క. అతను చదివి ఆగిపోయాడు.

"ఎంత?" అంది ఆమె.

"ఎనభై."

నర్సమ్మ బల్ల అంచు పట్టుకుంది. "అంటే ఉత్తరం వచ్చిన రెండేళ్ళకి కూడా మా అన్న నడుస్తున్నాడు."

ఆమె గొంతు ఒక్కసారి గట్టిపడింది. "మా వదిన ఏడాది తిరక్కుండా ఇంకొకాయన్ని చేసుకుంది. ముప్పై రెండేళ్ళు ఆవిడ గడప తొక్కలేదు నేను. ఇవాళ తొక్కుతాను. పిల్లలూ మొగుడూ అందరూ చూస్తుండగా ఈ బూట్లు ఆవిడ భోజనాల బల్ల మీద పెడతాను. అప్పుడేమంటుందో చూస్తాను."

"తొందరపడకండమ్మా," అన్నాడు డాక్టరు. "అడుగు ఎవరైనా తర్వాత అతికించి ఉండొచ్చు. తాత చూడనీ. తాతా, ఇది సైన్యం షెడ్డులో వేసిన అడుగేనా? ఒక్క మాట చెప్పు."

తాత బూటు ఒళ్ళో పెట్టుకున్నాడు. మడమ చూశాడు. లాడం ఆకారంలో ఏడు మేకులు, ఎనిమిదోది మాత్రం లోపలికి ఒదిగి ఉంది. అలా కొట్టే చెయ్యి ఆ షెడ్డులో ఒక్కటే. ఆ చెయ్యి ఇప్పుడు బూటు మీదే ఉంది.

అవునంటే అబద్ధం కాదు. షెడ్డులో వేసిన అడుగే. ఒక్క మాట అని ఊరుకుంటే ఆమె లేచి వదిన ఇంటికి వెళ్ళిపోతుంది. అక్కడ ఎవరో ఒకావిడ అన్నం వడ్డిస్తూ ఉంటుంది.

నర్సమ్మ అతని మొహంలోకే చూస్తోంది. "చెప్పండి, పెద్దాయనా."

తాత తోలు కోసే రంపి కత్తి తీశాడు.

"మావయ్యా! కోస్తే విలువ పోతుంది!" అన్నాడు అల్లుడు.

కత్తి మొన పాదం కింది అట్ట అంచున దిగింది. జిగురు పట్లు చిటచిటమని వదిలాయి. అట్ట పైకెత్తి, ఎడమ బూటు నర్సమ్మ వైపు తిప్పాడు. అట్ట కింద తోలు మీద ఇంకో నంబరుంది.

"ఇదెవరిది?"

"తర్వాత తొడుక్కున్నవాడిది." తాత కత్తి పక్కన పెట్టాడు. ఆ గదిలో అతను అంతసేపు మాట్లాడటం అల్లుడు ముందెప్పుడూ వినలేదు. "పోయినవాళ్ళ బూట్లు మా షెడ్డుకే వచ్చేవమ్మా. కడిగి, అడుగు మార్చి, ఇంకొకరికి ఇచ్చేవాళ్ళం. పాత నంబరు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన కొత్తది వెయ్యమని రూలు. ఎనభై వేసవిలో, రెండేళ్ళ నాటి మూటలు విప్పినప్పుడు నా వల్ల కాలేదు. సుత్తి ఎత్తితే ఆ మనిషినే కొడుతున్నట్టుండేది. పైన నంబరు అలాగే వదిలేసి, కొత్తది అట్ట కింద వేశాను. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. మీ అన్నయ్య మళ్ళీ నడవలేదమ్మా. ఆయన బూట్లు నడిచాయి."

నర్సమ్మ అట్ట కింది నంబరు చదివింది.

"జాలిపడ్డారన్నమాట."

"అవునమ్మా."

"ఎవరి మీద?"

తాత అట్టని వెనక్కి నొక్కాడు, అది మళ్ళీ లేచింది.

ఆమె వేలితో పై నంబరు ఒకసారి తడిమింది. ఆస్పత్రిలో ఎన్ని ఒళ్ళు తుడిచిన చెయ్యో అది. "కడిగింది మీరేనా?"

"నేనే."

"ఎలా కడిగారు?"

"వేణ్ణీళ్ళతో. రెండుసార్లు."

ఆమె తలూపింది. అల్లుడు బూట్లు రెండూ ఆమె వైపు జరిపాడు. "తీసుకెళ్ళండమ్మా. ఏమీ ఇవ్వక్కర్లేదు."

"వద్దు బాబూ." లేచి, చెప్పులు సర్దుకుంది. "వదిన గడప తొక్కుతానన్నాను కదా. తొక్కుతాను, ఉత్త చేతులతోనే. మా అన్న పోయాడని నాతో కలిసి ఏడవడానికి ఆవిడ తప్ప ఇంకో మనిషి లేదు."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ముగ్గురూ చూశారు. తర్వాత డాక్టరు మెల్లగా అడిగాడు.

"తాతా, అలాంటివి ఎన్ని చేశావు?"

"పందొమ్మిది జతలు."

డాక్టరు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "ఆ షెడ్డువి నా దగ్గరే పదకొండున్నాయి. ఇంటివాళ్ళు వెతుక్కుంటూ వస్తే నంబరు చూసి, అడుగు చూసి, నేనే చెప్పి పంపాను ఇద్దరికి. మీవాడు ఆ తర్వాత కూడా బతికున్నాడని."

తాత ఆ పూట ఇంకే బూటూ ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న డాక్టరు తన ఇంటి తలుపు తీసేసరికి తాత మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, జేబులో రంపి కత్తితో.

"అన్నీ విప్పాలి. ముందు ఆ ఇద్దరివి," అన్నాడు. "వాళ్ళ ఇళ్ళెక్కడో చెప్పండి. నేనే వెళ్తాను."

డాక్టరు ఇంకేమీ అడక్కుండా బీరువా తాళం తీశాడు.

ఆ వేళకి అల్లుడు దుకాణం తెరిచి, వెనకగదిలోకి తొంగి చూశాడు. మావయ్య లేడు. పీట మీద ఆ జత పక్కపక్కనే ఉంది, ఎడమదాని అట్ట ఇంకా పైకి లేచే ఉంది.