కాళహస్తి నుంచి నేరుగా ఇంటికి

తిరుపతి బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుని కుప్పయ్య ఆయాసంతో ఎగరోజుతూ ఉంటే, పక్కనే సంచి ఒళ్లో పెట్టుకున్న మునెమ్మకు జాలికి బదులు ఒళ్లు మండుతోంది.

కూతురు పంకజాక్షి ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతలే. ఆ వీధి మొదట్లోనే డాక్టరు ఇల్లు, ముందు గదిలో ఆస్పత్రి. పోయిన చలికాలం కుప్పయ్య ఆయాసానికి సూది వేసి నిలబెట్టింది ఆయనే. ఇంత దగ్గర మందు ఉన్నా మొగుడు బెంచీ దిగనంటున్నాడు. పొద్దున కాళహస్తిలో రాహుకేతువుల పూజ చేయించుకున్నాడు మరి. ఆ పూజ అయినవాళ్లు దారిలో ఎవరి గడపా తొక్కకుండా నేరుగా సొంత ఇంటికే పోవాలి. తొక్కితే పూజాఫలం పోతుందని కొందరు, విడిచిన దోషం ఆ ఇంటివాళ్లకు తగులుకుంటుందని కొందరు అంటారు.

"పోయేటప్పుడే కూతురింట్లో దిగి బిడ్డను సూసిపోదామంటి. ఇన్నావా?" అంది మునెమ్మ.

కుప్పయ్య వినలేదు. పంకజాక్షికి రెండో కాన్పు అయ్యి రెండు నెలలు. మంచం పట్టి ఉండి ఆయన మనవరాలి ముఖమే చూడలేదు. ముందు పూజ కానిచ్చుకుని, మంచి ఒంటితో వచ్చి చూస్తానన్నాడు. నేరుగా ఇంటికి పోవాలన్న సంగతి పూజలో పక్కన కూర్చున్న ముసలామె చెప్పేదాకా గుర్తుకే రాలేదు. అప్పటినుంచీ ముఖం మాడ్చుకునే ఉన్నాడు.

"ఊపిరాడితే గదయ్యా ఇల్లు చేరేది?"

"నాకేమి. బాగానే ఉండా." ఆ రెండు ముక్కలకు ఆయన నాలుగుసార్లు ఆగాడు.

బస్సుకు ఎదురొచ్చిన అల్లుడు ధనంజయ రిక్షా కూడా పిలిచి పెట్టుకున్నాడు. "శ్రీహరికోటలో రాకెట్లు వదిలే కాలం మామా ఇది. లేయండి."

"దానికీ... గడియలు లెక్కబెట్టుకునే... వదుల్తారంట గదప్పా."

ధనంజయ అత్త వైపు చూశాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఈయనతో ఎలా వేగుతున్నావన్నట్టుంది ఆ చూపు. మునెమ్మకూ అదే అర్థం కాలేదు.

ఇంతలో పంకజాక్షే బిడ్డను ఎత్తుకుని ఎండలో వచ్చేసింది. కూతుర్ని చూడగానే కుప్పయ్య గిర్రున గోడవైపు తిరిగి, తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

"నా ఇల్లు తొక్కొద్దులే నాయనా," అంది పంకజాక్షి. "ఈ బిడ్డేం జేసిందని మొగం తిప్పుకుంటావు?"

కుప్పయ్య చెయ్యి వెనక్కి చాపి మునెమ్మ కొంగు లాగాడు. "దాన్ని... దూరం పొమ్మను."

"కన్నకూతుర్నా?"

"బిడ్డనే. పసిది. నా దోసం... దానికి తగిల్తే?"

మునెమ్మ పూజాఫలం పోతుందనే ఈ పంతమని పొద్దుటినుంచీ లోలోపల తిట్టుకుంటూ ఉంది. ఇప్పుడు తిట్లన్నీ పక్కన పెట్టాల్సి వచ్చేసరికి ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"ఆ మాట నోరు తెరిసి సెప్పేదానికేం రోగం?" అని, కూతురికి చెయ్యి ఊపింది. "నువ్వు ఆ టీ అంగడి కాడ నిలబడు పంకజా. మీ నాయన కత మా ఇంటికి పొయినాక సెప్తా." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఈ బస్టాండు ఎవురిల్లూ కాదు గదా?"

కుప్పయ్య తువ్వాలు కింద చాలాసేపు ఆలోచించాడు. "కాదు."

"అయితే సూది ఈడికే వస్తాది."

ధనంజయ పరుగున పోయి కాంపౌండరును పిలుచుకొచ్చాడు. పీలేరు బస్సు కోసం నిలబడ్డ జనమంతా చూస్తుండగా కుప్పయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి సూది వేయించుకున్నాడు. అరగంటకు ఊపిరి దారిలో పడింది. చిత్తూరు బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, టీ అంగడి వైపు తువ్వాలు సందులోంచి ఒక్కసారి తొంగి చూశాడు. కనిపించింది బిడ్డ నెత్తిన కట్టిన పచ్చగుడ్డ మాత్రమే.

తమ ఊరు పూతలపట్టులో దిగి ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దుంది. కుప్పయ్య కాళ్లు కడుక్కుని, గడప దాటి, దీపపు గూటికి దండం పెట్టుకుని, మునెమ్మ అరుగు మీద కూలబడేలోపే మళ్లీ బయటికి వచ్చాడు.

"పా."

"యాడికి?"

"తిరపతికి. ఇంటికొచ్చేసినాం గదా, ఇంగేముండాది? ఆరున్నర బస్సుంది."

మునెమ్మ రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"నీ ఆయాసం ఇప్పుడు నాకొచ్చింది," అంది. "ఈ పొద్దుకు నేను అడుగు తీసి అడుగెయ్యను. పోయి పండుకో."

కుప్పయ్య గొణుక్కుంటూ లోపలికి పోయాడు. మునెమ్మ సంచి మూతికి కట్టిన ముడి విప్పబోయి, చేతులు వెనక్కి తీసుకుంది. అలాగే ఎత్తి వాకిలి పక్కన పెట్టింది, పొద్దున మొదటి బస్సుకు చేతికి అందేటట్టు.