పదకొండో సీనులో ఏడుపు

ఆ సినిమా పదకొండో సీనులో మూసిన తలుపు వెనకనుంచి వినిపించే పిల్ల ఏడుపును ఎవరూ రికార్డు చేయలేదనీ, షూటింగు జరిగిన పాడుబడ్డ ఇంట్లోని దయ్యమే దాన్ని మైకులోకి వదిలిందనీ అందరూ నమ్మారు. మేకప్ మనిషి మళ్లీ ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. నిర్మాతకు మాత్రం వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. ఆ సంగతిని పోస్టరుకే ఎక్కించాడు.

నమ్మనిది ఒక్కతే, శబ్దాలు కలిపే ఇంజనీరు. దర్శకుడు ఆమె చేతుల్లో పెరిగిన తమ్ముడు.

"ఏడవాలంటే ఊపిరితిత్తులుండాలి కదరా! అవి కూడా ఉంటే ఇక దయ్యమెందుకవుతుంది?" అంది.

"నీకంతా వెటకారమే అక్కా. జనం నమ్మితే నీ సొమ్మేం పోయింది?"

ఆమె దిగులు వేరు. ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే ఏడేళ్ల కూతురు రెండు నెలలుగా ఏ తలుపూ మూయనివ్వడం లేదు. తల్లి దగ్గరకు తీసుకోబోతే కొయ్యబారిపోతోంది. ఎందుకో డాక్టరు అడిగినా చెప్పలేదు. ఈ బిడ్డ మళ్లీ తనకు దక్కుతుందా అన్నదే ఆమె బెంగ.

తమ్ముడు ఆ ఏడుపు రికార్డింగును ఆమెకు వినిపించకుండా చివరిదాకా దాచి, ఆఖరి మిక్సింగు రోజు మధ్యాహ్నం ఆమె చేతికిచ్చాడు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే అన్నది ఆమె వృత్తిపాఠం; అందుకే ముందు ఏడుపును కాక, వెక్కిళ్ల సందుల్లోని నిశ్శబ్దాన్ని విన్నది. అడుగున ఏదో మోటారు మూలుగుతోంది. పాడుబడ్డ ఇంట్లో కరెంటే లేదు. పైగా ఆ మూలుగు సాగదీసినట్టుంది. వేగం కొంచెం కొంచెంగా పెంచింది. మూడుసార్లు తన్నుకుని ఆగే ఆ మోటారు, తన వంటింటి ఫ్రిజ్జుది. దాని పక్కదే స్టోరు గది. అదే వేగంలో గొంతు కూడా తేటపడింది.

"అమ్మా, తియ్యమ్మా!"

ఆమె శబ్దం ఆపి తమ్ముడి వైపు తిరిగింది.

"నాలుగు నిమిషాలేగా అక్కా," తమ్ముడు గొణిగాడు. "నటించమంటే నటనే వస్తుంది. నాకు నిజం కావాలి."

"ఇన్నాళ్లూ పిచ్చుక నాకెందుకు చెప్పలేదురా? దానికేం చెప్పావు?"

తమ్ముడు తల దించుకున్నాడు. "మీ అమ్మే గదిలో పెట్టమంది అన్నాను. నీతో అనకుండా ఉంటుందని."

దయ్యానికైనా ఇంత తెలివి ఉండదనుకుంది ఆమె. నమ్మి ఇంటి తాళం ఇచ్చింది తనే.

ఇంటికి వెళ్లి, తెరిచిన తలుపు దగ్గర నేలమీద కూర్చుని కూతురికి అంతా చెప్పింది.

"అయితే పెట్టమంది నువ్వు కాదా?"

"కాదు తల్లీ. నాకు తెలియనే తెలియదు."

పిచ్చుక చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. దగ్గరకు రాలేదు, కానీ లేచి వెళ్లిపోనూ లేదు.

మర్నాడు ఇంజనీరు, సినిమాతోపాటు నిర్మాతకు చేరే శబ్దాల జాబితాలో ఆ ఏడుపు ఎదుట ఖాళీగా వదిలిన గడిని నింపింది: ఏడేళ్ల పిల్ల గొంతు, మా ఇంటి స్టోరు గది, మంగళవారం, మధ్యాహ్నం, బయట గడియ పెట్టి రికార్డు చేసినవాడు, మేనమామ.